ఉపసంహరించిన కేసు, చెరగని పేరు

ప్రశ్న: కాకరాపల్లి థర్మల్ వ్యతిరేకోద్యమములో నాపై పెట్టిన కేసును ఉపసంహరించినారు. ఇప్పుడు ఉద్యోగము వచ్చినది. పోలీసు రికార్డులో నా పేరు తీయించవచ్చునా? – ఒక పాఠకుడు, టెక్కలి

జవాబు: 2010 జూలై 14న సోంపేటలోను, 2011 ఫిబ్రవరి 28న కాకరాపల్లిలోను థర్మల్ వ్యతిరేకులపై పోలీసు తుపాకులు పేలిన పిదప, తంపర (చిత్తడి) భూములను నమ్ముకొన్న ఎందరో కూలి మానుకొని కోర్టు వాయిదాలకు తిరిగినారు గనుక, మీ ప్రశ్న మీ యొక్కరిది కాదు. వయోజనుల నేరచరిత్రను తుడిచివేయు సాధారణ శాసనము మన దేశమున లేదు. పదునెనిమిదేండ్లు నిండనివారికి మాత్రము బాలల న్యాయ చట్టము చాలవరకు ఆ రక్షణ నొసంగుచున్నది.

అయినను అధైర్యపడవలదు. నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 321వ సెక్షను ప్రకారము, అభియోగములు మోపుటకు ముందే కేసు ఉపసంహరింపబడినచో డిశ్చార్జి, పిదపనైనచో నిర్దోషిగా విడుదల. కోర్టునుండి ఉత్తరువు సర్టిఫైడు కాపీ తీసికొని, ఈ రెంటిలో ఏ మాట యున్నదో చూచి, ఆ నకలును స్టేషనులో అందజేసి, రికార్డున కేసు ముగింపును నమోదు చేయుమని వ్రాతపూర్వకముగా కోరుడు.

అటెస్టేషన్ ఫారములో కేసుల గడి యున్నచో, దయచేసి దాచకుడు. దాచినందుకే ఉద్యోగము పోవచ్చునని 2016లో అవతార్ సింగ్ కేసున సుప్రీంకోర్టు తెలిపినది. నిజము చెప్పినను నియమించి తీరవలెనని లేదుగాని, ఊరి నీటికై నిలిచినందుకు వచ్చిన కేసును వ్రాయుటకు మీరు సిగ్గుపడవలసినది ఏమియు లేదు.