చిరునామా లేనివారికి ప్రొబేషన్

తప్పు చేసిన ప్రతివారినీ జైలుకు పంపాలని చట్టం చెప్పదు. 1958లో వచ్చిన నేరస్థుల ప్రొబేషన్ చట్టం ప్రకారం, మరణశిక్ష గాని యావజ్జీవ శిక్ష గాని పడే నేరం కానప్పుడు, కోర్టు నేరస్థుణ్ణి 3 ఏళ్లకు మించని సత్ప్రవర్తన బాండుపై ఇంటికి పంపవచ్చు. 21 ఏళ్లు నిండనివారి విషయంలో ముందుగా ప్రొబేషన్ అధికారి నివేదిక తెప్పించుకోవాలి. జైలు శిక్షే వేస్తే కారణం రాయాలి. హాస్టల్‌లో ఉన్న మనకు ఈ వయసు సంగతి తెలిసి ఉండాలి.

ఇంటికి పంపవచ్చు అన్నాం. ఇల్లే లేకపోతే? అదే 4వ సెక్షన్‌లో ఒక షరతు ఉంది. నేరస్థుడికి గాని, జామీను ఉన్నవారికి గాని స్థిరమైన నివాసమో, నికరమైన పనో ఉందని కోర్టుకు నమ్మకం కుదరాలి. మన డోంగ్లి వైపు నుంచి పట్నం పోయి, అడ్డా మీద కూలి చూసుకుంటూ ఫుట్‌పాత్ మీద పడుకునే మనిషికి ఈ రెండూ ఎక్కడ దొరుకుతాయి? జామీనుకు ఎవరు వస్తారు? చేసింది చిన్న దొంగతనమే అయినా, ఇల్లున్నవాడు బయటికి, లేనివాడు లోపలికి!

బాండులో మత్తు మానాలని కూడా కోర్టు రాయవచ్చు. రాయడం తేలిక. మన కామారెడ్డి జిల్లాలో కల్తీ కల్లు సంగతి తెలియనిది కాదు. 2025 ఏప్రిల్‌లో నస్రుల్లాబాద్ మండలంలో అది తాగి పదుల సంఖ్యలో జనం ఆస్పత్రి పాలయ్యారు. అందులో కలిపే ఆల్ప్రాజోలం వంటి మందులకు ఒళ్లు అలవాటు పడుతుంది. ఒక్కసారిగా ఆపితే చేతులు వణుకుతాయి, నిద్ర రాదు, మాట పొంతన తప్పుతుంది, మూర్ఛలూ రావచ్చు. అలాంటివారికి కావలసింది డాక్టరు చూస్తుండగా మెల్లగా మాన్పించే వైద్యం. అది లేకుండా షరతు ఒక్కటే పెడితే ఎన్నాళ్లు నిలుస్తుంది?

షరతు తప్పడం వేరు, మళ్లీ నేరం చేయడం వేరు. ఉండే చోటు మారి అధికారిని కలవలేకపోయినవాడు కొత్తగా ఎవరి సొమ్మూ దొంగిలించలేదు. అయినా 9వ సెక్షన్ కింద వారెంటు రావచ్చు, పాత నేరానికే శిక్ష పడవచ్చు. మొదటిసారి అయితే 50 రూపాయల లోపు జరిమానాతో సరిపెట్టే వీలు కూడా అక్కడే ఉంది. ఇది చాలామంది అడగరు.

తగిన పని చూపించడానికి ప్రయత్నించడం ప్రొబేషన్ అధికారి విధి అని 14వ సెక్షన్ చెబుతోంది. మా దృష్టిలో చట్టం మొత్తంలో ముఖ్యమైన మాట ఇదే. ఎస్సీ, ఎస్టీలకు, కస్టడీలో ఉన్నవారికి న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది. మత్తు, మనోవ్యథల గురించి మాట్లాడాలంటే టెలీ మానస్ నంబరు 14416. తెలుగులోనే మాట్లాడవచ్చు, ఖర్చు లేదు.