మొదటి షేరు కొనేముందు



డీమ్యాట్ ఖాతా తెరిచావని మీ అమ్మ చెప్పింది, సంతోషం. ఇక కొనడం నిమిషాల పని. ఈ రోజు కొన్న షేరు మరుసటి పనిదినానికే ఖాతాలో జమవుతుంది. తేలికైన భాగం అంతవరకే.

షేరంటే కంపెనీలో వాటా. ఊళ్లో రైస్ మిల్లులో పావలా వాటా కొనేవాడు మిల్లు పద్దులు, యజమాని నడత ఆరా తీయనిదే పైసా ఇవ్వడు. అదే మనిషి ఫోన్లో షేరు కొనేటప్పుడు ధర ఒక్కటే చూస్తాడు. వంద రూపాయలది చవక, మూడు వేలది ఖరీదు అనుకుంటాడు. ధరను మొత్తం షేర్ల సంఖ్యతో హెచ్చవేస్తే గానీ మార్కెట్ ఆ కంపెనీకి కట్టిన విలువ తేలదు. ఆ విలువను ఏటా వచ్చే లాభంతో పోల్చుకోవాలి.

మరి ఆ లాభమే అబద్ధమైతే?

మన హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ కంపెనీ సత్యం కంప్యూటర్స్‌లో జరిగింది అదే. 2009 జనవరి 7న ఛైర్మన్ రామలింగరాజు రాసిన లేఖతో గుట్టు బయటపడింది. పద్దుల్లో చూపిన 5,361 కోట్ల నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు అసలు లేనేలేవు. ఒక త్రైమాసికంలో 24 శాతంగా చూపిన నిర్వహణ లాభం నిజానికి 3 శాతమే. ముందురోజు 179 రూపాయల దగ్గరున్న షేరు ఆ సాయంత్రానికి 40 దగ్గరికి పడిపోయింది. ఆడిటర్లు సంతకం పెట్టిన లెక్కలవి!

అయినా జాడలు కొన్ని ముందే కనిపించాయి. 2008 డిసెంబర్ 16న రాజు కుటుంబానికి చెందిన రెండు మేటాస్ సంస్థలను 160 కోట్ల డాలర్లకు కొంటామని కంపెనీ ప్రకటించింది. మదుపరులు మండిపడేసరికి వెంటనే వెనక్కి తగ్గింది. సాఫ్ట్‌వేర్ సొమ్ము స్థిరాస్తి, నిర్మాణ వ్యాపారాల్లోకి, అదీ సొంతవాళ్ల చేతికి పోబోయిందన్న మాట. ప్రమోటర్లైన రాజు కుటుంబం షేర్లు తాకట్టులో ఉన్న సంగతి మాత్రం ఆలస్యంగా తెలిసింది. ఆ తరవాతే మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ తాకట్టు వివరాల వెల్లడిని తప్పనిసరి చేసింది. మూడు నెలలకోసారి వచ్చే వాటాదారుల పట్టికలో ముందు తాకట్టు గడి చూడు. వార్షిక నివేదికలో సొంత సంస్థలతో జరిపిన లావాదేవీల పేజీ ఆ తరవాత.

ఇంత చూసినా మోసం దాగే వీలుంది. అందుకని ఒక్క కంపెనీనే నమ్ముకోకు. సత్యంనే నమ్ముకున్నవాళ్లు ఏళ్ల తరబడి ఆగాల్సొచ్చింది. 2009 ఏప్రిల్‌లో మరో సాఫ్ట్‌వేర్ కంపెనీ టెక్ మహీంద్రా సత్యంలో వాటాను షేరుకు 58 రూపాయల లెక్కన కొంది. 2013లో సత్యం అందులో విలీనమైనప్పుడు 17 సత్యం షేర్లకు 2 టెక్ మహీంద్రా షేర్లు ఇచ్చారు. అప్పు తెచ్చి కొన్నవాళ్లకు అన్నేళ్లు ఆగే వెసులుబాటు ఉండదు. ఇంటి ఖర్చులకు కావలసింది పక్కన పెట్టి, మిగిలిందే నాలుగైదు రంగాల కంపెనీలకు పంచు. ముందు ఒక కంపెనీ అనుకుని, దాని వార్షిక నివేదిక పట్టుకుని ఆదివారం రా. కలిసి చదువుదాం.

మామయ్య