బృందంలో నాయకత్వం పంచుకోవడం ఎలా?

మేనేజరు రెండు రోజులు ఊళ్లో లేకపోతే మీ దగ్గర ఏయే పనులు ఆగిపోతాయో ఒక కాగితం మీద రాయండి. నాయకత్వం పంచుకోవాలనుకునే బృందం చేయాల్సిన మొదటి పని అదే. మనుషులు ఉంటారు, సామాను ఉంటుంది, పని కూడా తెలుసు. అయినా ‘సార్ వచ్చాక అడుగుదాం’ అన్న మాట దగ్గర అంతా నిలబడిపోతుంది. ఆ మాట వినిపించిన ప్రతిచోటా పంచుకోదగిన నిర్ణయం ఒకటి ఉన్నట్టే.

ఇలా పంచుకోవడం నలుగురైదుగురు ఉన్న చోట తప్ప కుదరదని చాలామంది అంటారు. కానీ నెదర్లాండ్స్‌లో ఇళ్లకు వెళ్లి రోగులను చూసుకునే బ్యూర్ట్‌జోర్గ్ అనే నర్సుల సంస్థ ఉంది. యోస్ ద బ్లాక్ అనే నర్సు 2006లో దాన్ని స్థాపించారు. వేల మంది పనిచేసే ఆ సంస్థ చిన్న చిన్న బృందాలుగా నడుస్తుంది, ఒక్కో బృందంలో 12 మందికి మించరు. ఎవరు ఏ రోగి ఇంటికి వెళ్లాలో, కొత్తగా ఎవరిని చేర్చుకోవాలో, ఆఫీసు గది ఎక్కడ అద్దెకు తీసుకోవాలో బృందమే తేల్చుకుంటుంది. చిక్కు వచ్చినప్పుడు సలహా ఇవ్వడానికి ఒక కోచ్ ఉంటారు. ఆ కోచ్‌కి ఆజ్ఞాపించే అధికారం లేదు.

అయితే నాయకత్వం పంచుకోవడమంటే నాయకుడిని తీసేసి ఊరుకోవడం అనుకోకండి. అమెరికా మహిళా ఉద్యమంలో పనిచేసిన జో ఫ్రీమన్ 1970ల మొదట్లోనే దీని గురించి హెచ్చరించారు. ‘మాలో నాయకులు లేరు’ అని చెప్పుకునే బృందాల్లో కూడా పెత్తనం ఉంటుంది, కాకపోతే అది కనబడని చేతుల్లోకి పోతుంది అన్నది ఆవిడ వాదన. కలిసి టీకి వెళ్లే ముగ్గురు అక్కడే అన్నీ తేల్చేసుకుంటారు. వాళ్లను ఎవరూ ఎన్నుకోలేదు కాబట్టి దింపడానికీ వీలుండదు. అందుకే ఈ పనిలో ప్రతిదీ కాగితం మీదికి రావాలి.

నిర్ణయాల చిట్టా రాయండి

ఎనిమిది మంది పనిచేసే ఒక డయాగ్నొస్టిక్ సెంటర్ అనుకుందాం. రిసెప్షన్‌లో ఇద్దరు, రక్తం తీసేవాళ్లు ఇద్దరు, టెక్నీషియన్లు ముగ్గురు, ఒక ఆయా. వచ్చే వారం ఉదయం షిఫ్టు ఎవరిది? రీఏజెంట్లు ఎప్పుడు ఆర్డర్ పెట్టాలి? మెషిన్ మొరాయిస్తే కంపెనీ ఇంజనీరుకు ఎవరు ఫోన్ చేయాలి? రిపోర్టు ఆలస్యమైందని కోప్పడే మనిషికి ఎవరు సమాధానం చెప్పాలి? డబ్బులు సరిపోని వాళ్లకు ఎంత తగ్గించొచ్చు? మీ చోట ఇలాంటి ప్రశ్నలు ఏమేం వస్తాయో ఒక వారం పాటు వచ్చినవి వచ్చినట్టు రాసుకోండి.

తర్వాత వాటిని మూడు భాగాలు చేయండి. ఒక మనిషి ఎవరినీ అడగకుండా తేల్చేయగలిగినవి, సంబంధం ఉన్నవాళ్లను అడిగి ఒకరు తేల్చాల్సినవి, అందరూ కూర్చుని తేల్చాల్సినవి. ఈ మూడో భాగం చిన్నదిగా ఉండాలి. అన్నిటికీ అందరూ కూర్చుంటే నెల తిరిగేలోపు విసుగొచ్చి, పాత పద్ధతే నయమంటారు.

పంచుకోలేనివీ కొన్ని ఉంటాయి. రిపోర్టు మీద సంతకం డాక్టరుదే. జీతాలు యజమాని చేతిలో ఉంటే ఉంటాయి. ఆ సంగతి కూడా అదే చిట్టాలో స్పష్టంగా రాయండి. అన్నీ మీవే అని చెప్పి, తీరా సమయం వచ్చాక కాదంటే జనం మళ్లీ నమ్మరు.

ప్రతి నిర్ణయం పక్కన పేరు, పరిమితి

‘స్టాక్ చూసుకో’ అనడం పని అప్పగించడమే. ‘ఇంత మొత్తం వరకు ఆర్డర్ నువ్వే పెట్టు, ఎవరినీ అడగక్కర్లేదు’ అంటే నిర్ణయం అప్పగించినట్టు. ఆ మొత్తం ఎంతో అంకెల్లో రాయండి. అధికారం ఇవ్వకుండా బాధ్యత మాత్రం ఇస్తే అది అదనపు చాకిరీ అవుతుంది. నాయకత్వం పంచే పేరుతో చాలా ఆఫీసుల్లో జరుగుతున్నది ఇదే, దీన్ని మాత్రం సహించకూడదు.

పని నేర్పాకే బాధ్యత మార్చండి

అన్నిటికన్నా ఎక్కువ సమయం పెట్టాల్సింది ఇక్కడే. ఇందుకు మన ఊళ్లలోని పొదుపు సంఘాలను మించిన పాఠం లేదు. నాబార్డు 1992లో సంఘాలను బ్యాంకులతో కలపడం మొదలుపెట్టినప్పటి నుంచి తెలుగునాట ఈ ఉద్యమం ఎంత పెరిగిందో అందరికీ తెలుసు. పది పదిహేను మంది ఆడవాళ్లు, వాళ్లలోంచే లీడర్లు. కొన్నేళ్లకోసారి లీడర్లు మారాలని శిక్షణల్లో చెబుతూనే ఉంటారు. అయినా చాలా సంఘాల్లో ఏళ్ల తరబడి ఒకే అక్క లీడరుగా ఉండిపోతుంది. ఆవిడకు పదవి మీద మోజు ఉండి కాదు. పుస్తకాలు రాయడం ఆవిడకే వచ్చు, బ్యాంకులో మేనేజరుతో మాట్లాడటం ఆవిడకే అలవాటు. పేరుకు లీడరు మారినా, లోన్ కాగితాలు వచ్చేసరికి అందరూ మళ్లీ ఆవిడ గుమ్మంలోనే నిలబడతారు.

కాబట్టి కుర్చీ మార్చే ముందు చేతిలోని విద్య మారాలి. మన డయాగ్నొస్టిక్ సెంటర్‌లో రీఏజెంట్ల బాధ్యత సీనియర్ టెక్నీషియన్ నుంచి జూనియర్‌కి వెళ్లాలనుకోండి. మొదటి నెల సీనియర్ ఆర్డర్ పెడుతుంటే జూనియర్ పక్కన కూర్చుని చూడాలి. ఏ కిట్ ఎన్ని రోజులకు అయిపోతుంది, గడువు తేదీ దగ్గరపడ్డవి ముందు ఎలా వాడాలి, ఏ డీలరు శనివారం మధ్యాహ్నం తర్వాత ఫోన్ ఎత్తడు, ఇవన్నీ ఒక నోట్‌బుక్‌లోకి ఎక్కాలి. రెండో నెల జూనియర్ పెట్టాలి, సీనియర్ చూడాలి. మూడో నెల నుంచి సీనియర్ ఆ బల్ల దగ్గరికి రాకూడదు. బాధ్యత ఆర్నెల్లకోసారో ఏడాదికోసారో మారొచ్చు. వారానికోసారి మారితే ఎవరికీ ఏదీ పట్టుబడదు.

సీనియర్‌కి ఇక్కడ ఒక భయం ఉంటుంది. తనకు తెలిసింది పంచేస్తే తన అవసరం తీరిపోతుందేమోనని. ఆ భయం న్యాయమైనదే. నేర్పడం కూడా ఉద్యోగంలో భాగమని, దానికీ గుర్తింపు, వీలైతే జీతంలో విలువ ఉంటుందని యజమాని ముందే చెప్పాలి.

మీటింగులో చిన్నవాళ్లతో మొదలుపెట్టండి

మన దగ్గర పెద్దవాళ్లు ఒక మాట అన్నాక చిన్నవాళ్లు కాదనరు. ‘సార్ చెప్పింది కరెక్టే’ అని ఊరుకుంటారు. మన సైనిక న్యాయస్థానాల్లో సభ్యుల అభిప్రాయాలు తక్కువ ర్యాంకు వారితో మొదలుపెట్టి అడగాలన్న నియమం ఉంది. పై అధికారి మాట విన్నాక కింది అధికారి తన మాట మార్చుకోకుండా ఉండాలనే ఆ జాగ్రత్త. మీరూ కొత్తగా చేరినవారితో మొదలుపెట్టి, మేనేజరును చివర మాట్లాడమనండి. మీటింగు నడిపే పని కూడా వంతులవారీగా మారాలి.

అడిగే ప్రశ్న కూడా ముఖ్యం. ‘అందరికీ నచ్చిందా?’ అంటే తలలూపుతారు, లేదా గంటసేపు వాదన నడుస్తుంది. ‘దీనివల్ల మీ పనికి ఏదైనా నష్టం ఉందా?’ అని ఒక్కొక్కరినీ పేరు పెట్టి అడగండి. నష్టం ఉందన్నవారు కారణం చెబుతారు, ఆ మేరకు ప్రతిపాదనను సవరిస్తారు, లేదంటే ముందుకు వెళ్తారు. నెదర్లాండ్స్‌లోనే హెరార్డ్ ఎండెన్‌బర్గ్ తన ఎలక్ట్రికల్ కంపెనీలో 1970లలో పెంపొందించిన పద్ధతికి మూలం ఇదే.

పెద్ద విషయమైతే ముందు చిన్న జట్టుకు అప్పగించండి. న్యూయార్క్‌లో 1972లో పుట్టిన ఆర్ఫియస్ ఛాంబర్ ఆర్కెస్ట్రాకు సంగీతం నడిపించే కండక్టర్ లేరు. ప్రతి రచనకూ కొద్దిమంది వాద్యకారులు ముందు కూర్చుని దాన్ని ఎలా వాయించాలో ఒక రూపం ఇస్తారు, ఆ తర్వాతే అది అందరి ముందుకు వస్తుంది. రచన మారితే ఆ కొద్దిమందీ మారతారు.

ఆపే హక్కు అందరికీ ఇవ్వండి

1977 మార్చి 27న టెనెరీఫ్ విమానాశ్రయంలో పొగమంచులో రెండు బోయింగ్ 747లు ఢీకొని 583 మంది చనిపోయారు. రన్‌వే మీద ఇంకో విమానం ఉందేమోనని, వాటిలో ఒకటైన కేఎల్ఎమ్ విమానంలోని ఫ్లైట్ ఇంజనీరు సందేహం వ్యక్తం చేశాడు. ఎంతో అనుభవం ఉన్న కెప్టెన్ దాన్ని కొట్టిపారేశాడు. ఇంజనీరు మళ్లీ అడగలేదు. ఇలాంటి ప్రమాదాల తర్వాతే కాక్‌పిట్‌లో కిందివారు గట్టిగా చెప్పడం, పైవారు వినడం అనే రెండూ శిక్షణలో భాగమయ్యాయి.

మీ దగ్గర ప్రాణాలు పోయేంత పని కాకపోవచ్చు. అయినా ‘ఈ శాంపిల్ పాడైంది మేడమ్, మళ్లీ తీయాలి’ అని చెప్పి రిపోర్టును ఆపే హక్కు కొత్త టెక్నీషియన్‌కి ఉండాలి. ఆపినందుకు ఆలస్యమైనా, తీరా శాంపిల్ బాగానే ఉందని తేలినా, ఆ మనిషిని ఒక్క మాట కూడా అనకూడదు. మొదటిసారి చీవాట్లు తిన్నవారు రెండోసారి నోరు తెరవరు, చూసినవాళ్లు కూడా తెరవరు.

మేనేజరుకు ఒక మాట

ఎవరైనా మీ దగ్గరికి వచ్చి ‘ఏం చేయమంటారు?’ అంటే, చిట్టాలో ఆ నిర్ణయం ఎవరి పేరు మీద ఉందో చూడమనండి. వాళ్లు తీసుకున్న నిర్ణయం మీకు నచ్చకపోయినా, పరిమితి దాటనంతవరకు మార్చకండి. ఒక్కసారి మార్చితే ఆ రోజు నుంచి అన్నీ తిరిగి మీ బల్ల మీదికే వస్తాయి. పొరపాటు జరిగితే అందరి ముందూ నిలదీయకుండా, నోట్‌బుక్‌లో ఏం చేర్చితే ఇది మళ్లీ జరగదో ఇద్దరూ కూర్చుని రాయండి.

మూడు నెలలయ్యాక చిట్టా మళ్లీ తీయండి. ఎవరి పేరు నాలుగైదు చోట్ల ఉందో, ఎవరి పేరు ఎక్కడా లేదో చూడండి. లేనివాళ్లు చాలావరకు ఆయా, అటెండరు, కాంట్రాక్టు మీద పనిచేసేవాళ్లు అయి ఉంటారు. శుభ్రం చేసే సామాను ఏది కొనాలో, వాడిన సూదుల డబ్బాలు ఏ వేళకు తీయాలో ఆయాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. ఆ నిర్ణయాల పక్కన ఆమె పేరు, ఆమె ఖర్చు పెట్టగల మొత్తం రాసి, తర్వాతి మీటింగు ఆమెతోనే మొదలుపెట్టండి.