నల్లపావుల వైపు కూడా మీరే

చదరంగం పజిల్ విప్పడంలో ఒక సుఖం ఉంది. జవాబు ఉందని ముందే తెలుసు. ‘తెల్ల ఎత్తు, రెండెత్తుల్లో ఆటకట్టు’ అని కింద రాసి ఉందంటే, ఎవరో ఆ దారంతా నడిచి చూసి మనకోసం పావులు సర్ది వెళ్లారన్నమాట. వెతకడం ఒక్కటే మన వంతు. హంపి, హరికృష్ణ, అర్జున్ ఎరిగైసిల ఆట చూసి కోచింగుల్లో చేరిన మన పిల్లలు ఇలాంటివి రోజూ పదుల కొద్దీ విప్పుతుంటారు. మంచిదే. అదే పిల్లవాడి ముందు ఖాళీ బోర్డు పెట్టి, ‘ఒకటి నువ్వు కట్టు చూద్దాం’ అనండి. బిక్కమొహం వేస్తాడు. పెద్దవాళ్లం మనమూ అంతే. ఆఫీసులోనో ఇంట్లోనో ఎదురయ్యే చిక్కుల కింద ‘జవాబు గ్యారంటీ’ అని ఎవరూ రాసిపెట్టరు కదా! అందుకే, ఆట ఓ మోస్తరుగా వచ్చినవారు ఎవరైనా ఒక్క పజిలైనా సొంతంగా కట్టి చూడాలంటాను.

ఎక్కడ మొదలుపెట్టాలి? చివర. ముందు ఆటకట్టు బొమ్మ ఒకటి ఊహించుకుని, అక్కడి నుంచి ఒక్కో ఎత్తూ వెనక్కి రావాలి. ఎలా ఉంటుందో చూడటానికి పాల్ మార్ఫీ పజిల్‌ను మించింది లేదు. 1837లో న్యూ ఆర్లియన్స్‌లో పుట్టిన ఈ మహా ఆటగాడు దీన్ని చిన్నతనంలోనే కట్టాడంటారు. 1856లో న్యూయార్క్ పత్రికలో అచ్చయింది. బోర్డు ఉంటే ముందు వేసుకోండి. తెల్లరాజు సి8, ఏనుగు ఎ1, బంటు బి6. నల్లరాజు ఎ8, శకటు బి8, బంట్లు ఎ7, బి7. మొత్తం ఏడే పావులు. తెల్ల ఎత్తు, రెండెత్తుల్లో ఆటకట్టు.

ఏనుగును ఎ6లో పెట్టాలి. బంటు నోటికి ఏనుగును అందించడమన్నమాట! బి7 బంటు దాన్ని తింటే, దారి ఖాళీ అయి తెల్లబంటు బి7కు వచ్చి ఆట కట్టేస్తుంది. తినకుండా శకటును ఎటు జరిపినా ఏనుగు ఎ7 బంటును కొట్టి ఆట కడుతుంది. నల్లవాళ్లకు ఇంకో ఎత్తు లేదు. మరి ఏనుగు ఎ2లోనో ఎ5లోనో ఆగితే? ఎ7 బంటు ఒక గడి ముందుకు జరుగుతుంది, రెండెత్తుల గడువు కాస్తా దాటిపోతుంది. ఎ6 ఒక్కటే దాని దారి మూసే గడి.

ఇప్పుడు ఒక్కో పావునూ తీసి చూడండి. శకటు లేకపోతే ఒక్క ఎత్తులోనే ఆటకట్టు. బి7 బంటు లేకపోయినా అంతే. బి6 తెల్లబంటుకైతే ఏకంగా మూడు పనులు: ఎ7ను కొట్టే ఏనుగుకు కాపు కాయడం, బి7 బంటును కదలనివ్వకపోవడం, అవసరమైతే తానే ఆట కట్టడం. ఊరికే కూర్చున్న పావు ఒక్కటీ లేదు. పజిల్ కట్టే విద్య మీద పుస్తకం చదివేకన్నా ఈ ఏడు పావులతో ఓ గంట గడపడం మేలు.

మొదటిసారి కట్టేవారు తడబడేది ఇంకోచోట. తెల్లపావుల ఎత్తులు వాళ్లు కనిపెట్టినవే కాబట్టి ముద్దుగా ఉంటాయి. కాకిపిల్ల కాకికి ముద్దు. నల్లవాళ్ల తరఫున మాత్రం మనకు అనుకూలమైన జవాబులే వేసుకుంటూ పోతాం. ‘ఇక్కడ రాజు ఇటే వస్తాడులే’ అనుకుంటాం. ఎందుకు రావాలి? నల్లవైపు కూర్చున్నంతసేపూ ఆ పజిల్ మీది కాదు, దాన్ని బద్దలు కొట్టడానికి వచ్చిన శత్రువు మీరు. మన వాదాన్ని ఎదుటివాడి నోటితో, అంతే పట్టుదలగా ఖండించగలగడం అరుదైన గుణం. మీటింగుల్లో ‘ఏమైనా అభ్యంతరాలా?’ అని అడిగి, జవాబు రాకముందే స్లయిడ్ మార్చేసేవాళ్లను చూస్తుంటే అది ఎంత అరుదో తెలుస్తుంది.

మరో చిక్కు, మీరు అనుకోని రెండో జవాబు దొరకడం. ఈ విద్య తెలిసినవాళ్లు దాన్ని ‘కుక్’ అంటారు. దొరకగానే ఆ కంతకు అడ్డంగా ఒక బంటు పెడతాం. అది ఇంకో కంత తెరుస్తుంది, అక్కడ ఇంకో బంటు. చూస్తుండగానే బోర్డు నిండిపోతుంది, మొదటి ఊహ ఆ గుంపులో ఎక్కడో కనపడకుండా పోతుంది. పావులన్నీ ఎత్తేసి, ఆటకట్టు బొమ్మను ఒక గడి పక్కకు జరిపి మళ్లీ మొదలుపెట్టడం నయం. మనసొప్పదు, నిజమే.

అయితే లోపం ఉన్నంత మాత్రాన ఊహ పనికిరానిదని కాదు. 1845లో ఢిల్లీ నుంచి ‘షాగిర్ద్’ అన్న మారుపేరుతో, అంటే శిష్యుడన్నమాట, లండన్‌లోని ‘చెస్ ప్లేయర్స్ క్రానికల్’ పత్రికకు నాలుగెత్తుల పజిల్ ఒకటి వెళ్లింది. పంపింది ఇక్కడ పనిచేస్తున్న హెన్రీ లవ్‌డే అనే మతాధికారి. తెల్లశకటు ఒక గడి దాటి వెనక్కి వెళ్తుంది, ఏనుగు వచ్చి సరిగ్గా ఆ గడిలో నిలబడి తన శకటు దారికే అడ్డుపడుతుంది. ఊపిరాడని నల్లరాజుకు అలా ఒక కదలిక దొరుకుతుంది. మరుక్షణం ఏనుగు పక్కకు తప్పుకుంటుంది, శకటు దారి తెరుచుకుని ఆట కడుతుంది. ఆ పజిల్‌కు వేరే జవాబులూ ఉన్నాయి, లెక్క ప్రకారం అది తప్పుల తడక. అయినా ఈ ఊహను ఇప్పటికీ ప్రపంచమంతా ‘ఇండియన్ థీమ్’ అనే పిలుస్తుంది. తర్వాతివాళ్లు ఆ లోపాలు సరిదిద్ది, దాన్నే ఎన్నో రకాలుగా కట్టారు.

ఇవాళ ఉచితంగా దొరికే స్టాక్‌ఫిష్ లాంటి ఇంజిన్ మీ రెండెత్తుల పజిల్‌ను క్షణంలో తేల్చేస్తుంది. దాన్ని అడగండి, తప్పులేదు. కాకపోతే అడిగేముందు నల్లవాళ్లు వేయగల ఎత్తులన్నీ కాగితం మీద రాసుకుని, ఒక్కోదాని ఎదురుగా మీ జవాబు వేసుకోండి. ఇంజిన్ చూపిన ఎత్తు ఆ కాగితంలో లేకపోతే, అది మీ కంటికి ఎందుకు ఆనలేదో కాసేపు ఆలోచించండి. చాలాసార్లు అది మీరు ఎక్కువ మనసు పడ్డ పావునే కొట్టే ఎత్తై ఉంటుంది.