పండగ మానొద్దు, పంచదార చూసుకోండి

ప్రశ్నలు - జవాబులు

శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఒకటే దిగులు కనిపించింది. ఒంటిని దారిలో పెట్టుకోవాలంటే నోరు కట్టుకోవాలా, ఊళ్ళు తిరగడం మానుకోవాలా, సరదాలన్నీ పక్కన పెట్టాలా అని. ఆ అవసరం లేదు. ఎందుకు లేదో, ఎక్కడ మాత్రం జాగ్రత్త తప్పదో ఒక్కో ఉత్తరానికి విడిగా చెబుతాను.

ప్రశ్న: నాకు 46 ఏళ్ళు. రెండు నెలలుగా పొద్దున్నే నడుస్తున్నాను, రాత్రి అన్నం తగ్గించాను, మూడు కిలోలు తగ్గాను. దసరా వెళ్ళాక వచ్చే మంగళవారం మాకు పైడితల్లమ్మ సిరిమాను పండగ. ఇంటినిండా చుట్టాలు, మూడు రోజులు పిండివంటలు. ఈ ఏడు ఏమీ ముట్టుకోనంటే మా ఆవిడ, చెల్లెళ్ళు నొచ్చుకుంటున్నారు. ఏం చెయ్యమంటారు?
- ఉపాధ్యాయుడు, విజయనగరం

జవాబు: పైడితల్లమ్మ పండగకి చెల్లెలు తెచ్చిన అరిసెని వద్దనకండి మాస్టారూ. తినండి. భయం పండగ మీద కాకుండా మామూలు రోజుల మీద పెట్టుకోవాలి. ఎందుకో లెక్క వేసి చూడండి.

ఒంట్లో ఒక కిలో కొవ్వంటే సుమారు 7,700 కేలరీల నిల్వ. పండగనాడు మామూలు కంటే 1,500 కేలరీలు ఎక్కువ తిన్నారనుకుందాం. ఏడాదిలో అలాంటి రోజులు పది ఉంటే మొత్తం 15,000. ఇక రోజూ తాగే టీ సంగతి చూడండి. రెండేసి చెంచాల పంచదారతో మూడు టీలు తాగితే 30 గ్రాములు, అంటే 120 కేలరీలు. ఏడాదికి ఇది దాదాపు 44,000. పది పండగల తిండికి ఇంచుమించు మూడింతలు! ఒళ్ళు కాగితం మీద లెక్కలా కచ్చితంగా నడవదు గానీ, బరువు ఎటునుంచి వస్తోందో తెలుసుకోవడానికి ఇది చాలు.

కాబట్టి పండగ మూడు రోజులూ మూడు పనులు చెయ్యండి. పొద్దుటి నడక ఆపకండి. అరిసె అయినా బూరె అయినా భోజనంలో భాగంగా, నలుగురితో కూర్చుని తినండి. వెళ్తూ వస్తూ డబ్బా మూత తియ్యకండి. సిరిమాను రోజున మూడులాంతర్ల దగ్గర గుడి నుంచి కోట వైపు జనంతోపాటు మీరూ నడవండి. నాలుగో రోజున మిగిలిన పిండివంటలు ఇరుగుపొరుగుకి పంచెయ్యండి. ఆరోజు నుంచి మళ్ళీ మీ మామూలు తిండి. షుగరుంటే మాత్రం ఒకే ఒక్క తీపి తిని, ఆ పూట అన్నం తగ్గించి, తిన్నాక పదిహేను నిమిషాలు నడవండి. మందు మానకండి.

ప్రశ్న: ఆన్‌లైన్‌లో చూసి ఓట్స్, క్వినోవా, చియా గింజలు కొన్నాను. బోలెడు డబ్బయింది, ఇంట్లో ఎవరికీ నచ్చలేదు. "మన చోడి అంబలి తాగితే పోదా" అంటారు మా అత్తగారు. ఆవిడ మాట నిజమేనా? అన్నం పూర్తిగా మానకుండా బరువు తగ్గొచ్చా?
- గృహిణి, పాలకొండ

జవాబు: మీ అత్తగారి మాట చాలావరకు నిజమేనమ్మా. వంద గ్రాముల చోళ్ళలో (రాగుల్లో) 350 మిల్లీగ్రాముల దాకా కాల్షియం ఉంటుంది. పాలిష్ పట్టిన బియ్యంలో అది పది మిల్లీగ్రాములైనా ఉండదు. చోళ్ళలో పీచు కూడా ఎక్కువ కాబట్టి త్వరగా ఆకలి వెయ్యదు. కానీ ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. వంద గ్రాముల బియ్యంలో 350 కేలరీలుంటే, చోళ్ళలోనూ 320 ఉంటాయి. ఎప్పటిలా అన్నం తిని, పైన రెండు గ్లాసుల అంబలి తాగితే బరువు పెరుగుతారే గానీ తగ్గరు. అంబలి తాగిన పూట అది టిఫినుకో అన్నానికో బదులు కావాలి. పల్చగా కాచి, మజ్జిగ కలిపి, ఉల్లిపాయ నంజుకుని తాగితే ఎండాకాలం అంతకన్నా హాయి లేదు.

అన్నం మానక్కర్లేదు, కంచంలో దాని చోటు తగ్గించాలి. సగం కంచం కూరలు: తోటకూర, గోంగూర, ఆనపకాయ, ఆవపెట్టిన పనసపొట్టు. పావు వంతు పప్పో గుడ్డో చేపో. మిగిలిన పావు అన్నం. మన ఇళ్ళలో ఎక్కువగా తగ్గిపోయేది ప్రొటీనే. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళకి కిలో బరువుకి రోజుకి 0.83 గ్రాములు కావాలని ఐసీఎంఆర్ 2020లో లెక్క కట్టింది. అరవై కిలోల మనిషికి యాభై గ్రాములన్నమాట. వంద గ్రాముల ఉలవల్లో ఇరవై గ్రాములకు పైనే ఉంటుంది, గుడ్డులో ఆరు, వంద గ్రాముల చేపలో పద్దెనిమిది నుంచి ఇరవై. కవళ్ళు, నెత్తళ్ళు తక్కువ ధరకి దొరికే మంచి చేపలు. వేపుడు కంటే పులుసు మేలు. ఎండుచేపల్లో, ఊరగాయల్లో ఉప్పు బాగా ఉంటుంది. రోజంతటికీ ఉప్పు 5 గ్రాములు దాటకూడదు కాబట్టి అవి రుచికే గానీ కూరకి బదులు కాకూడదు.

కొన్న ఓట్స్ పారెయ్యకండి, ఉప్మా చేసుకుని ముగించండి. మళ్ళీ కొనొద్దు. ఆ డబ్బుతో ఉలవలు, గుడ్లు, ఆకుకూరలు తెచ్చుకోండి.

ప్రశ్న: నాకు 23 ఏళ్ళు. మాది కవిటి మండలం. కానిస్టేబుల్ ఉద్యోగానికి పరుగు, జిమ్ మొదలుపెట్టాను. ప్రొటీన్ పౌడర్, క్రియాటిన్ వాడితేనే కండ వస్తుందంటున్నారు. మా పెదనాన్నకి కిడ్నీ జబ్బు. అమ్మ వద్దని ఏడుస్తోంది. ఇంకో సంగతి, ఆదివారం స్నేహితులతో బిర్యానీ తినొచ్చా?
- నిరుద్యోగి, ఉద్దానం

జవాబు: తమ్ముడూ, ముందు మీ అమ్మ మాట విను. ఉద్దానంలో కిడ్నీ జబ్బుకి కారణం ఇదీ అని ఇంకా తేలలేదు. ఎందుకు వస్తోందో తెలియని చోట, అందులోనూ ఇంట్లో ఒకరికి జబ్బున్నప్పుడు, ఎవరో చెప్పారని పొడి డబ్బా విప్పడం తగదు.

ముందు రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో ప్రొటీన్, బీపీ చూపించుకో. పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి 2023 డిసెంబరులో మొదలయ్యాయి, నీకు దగ్గరే. కిడ్నీ జబ్బు ముదిరేదాకా ఏ బాధా తెలియనివ్వదు కాబట్టి నాకేం కాలేదులే అనుకోవద్దు. క్రియాటిన్ పొడి వాడుతూ పరీక్ష చేయించుకుంటే క్రియాటినిన్ అంకె పెరిగినట్టు కనిపించి డాక్టరుకి కూడా తికమక అవుతుంది. పరుగు తర్వాత కాళ్ళు పట్టేస్తే మందుల షాపులో నొప్పి మాత్రలు కొని మింగకు; అలవాటైతే అవి కిడ్నీకి పెద్ద చేటు. కొబ్బరి బొండాలకి మీ ప్రాంతంలో కొదవ లేదు. పరీక్షలు బాగుంటే తాగు. కిడ్నీ తేడాగా ఉంటే మాత్రం అందులోని పొటాషియం ప్రమాదం, మీ పెదనాన్నకి కూడా డాక్టర్ని అడక్కుండా ఇవ్వొద్దు.

ఇక కండ సంగతి. రిపోర్టులు బాగున్నాయంటే రోజుకి రెండు మూడు గుడ్లు, పప్పు, చేప, పెరుగు, ఉడికించిన శనగలు నీ పరుగుకి సరిపోతాయి. జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార సూత్రాల్లోనూ కండ కోసం ప్రొటీన్ పొడులు వద్దనే చెప్పింది. పేరు తెలియని డబ్బాలో ఏం కలిసిందో అసలే తెలియదు. తప్పు మందు ఎక్కడికి తీసుకెళ్తుందో చెప్పే సంగతి ఒకటుంది. విజయనగరం దగ్గర కొండవెలగాడ అమ్మాయి మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో వెయిట్‌లిఫ్టింగ్ 53 కిలోల విభాగంలో మూడో స్థానంలో నిలిచింది. స్వర్ణం గెలిచిన నైజీరియా లిఫ్టర్ డోపింగ్‌లో పట్టుబడి పతకం పోగొట్టుకుంది. సంతోషి కాంస్యం రజతమయింది.

బిర్యానీ తిను. ఆదివారం ఒక్క ప్లేటు, కూల్‌డ్రింక్ లేకుండా. పరుగు పొద్దెక్కక ముందే ముగించు, నీళ్ళు బాగా తాగు. ఉద్దానం ఉక్కలో ఒంట్లో నీరు ఇంకిపోవడం కూడా కిడ్నీకి మంచిది కాదు.

ప్రశ్న: ప్రతి ఆదివారం కారులో పిల్లలతో ఎక్కడికో అక్కడికి వెళ్తాం. దిగడం, తినడం, ఫొటోలు తీసుకోవడం, మళ్ళీ ఎక్కడం. ఇల్లు చేరేసరికి ఒళ్ళు బరువెక్కి ఉంటుంది. సరదా పోకుండా ఒంటికి పని చెప్పే చోట్లు మన దగ్గర ఉన్నాయా?
- బ్యాంకు ఉద్యోగిని, శ్రీకాకుళం

జవాబు: బోలెడున్నాయి! మీ ఇంటికి దగ్గర్లోనే శాలిహుండం ఉంది. కొండ కింద కారు ఆపి పైకి నడవండి. పైన బౌద్ధ స్తూపాల మధ్య నిలబడితే వంశధార కనిపిస్తుంది. 1919లో ఈ చోటుని గుర్తించింది మన గిడుగు రామమూర్తి గారేనని పిల్లలకి చెప్పండి. వ్యావహారిక భాష కోసం పోరాడిన మనిషి కొండలెక్కి పాత ఇటుకలు కూడా వెతికారని వింటే వాళ్ళకి ఎక్కడం ఇంకా ఇష్టమవుతుంది. అటునుంచి కళింగపట్నం వెళ్ళి లైట్‌హౌస్ చూసి, చల్లబడ్డాక ఇసుకలో నడవండి. ఇసుకలో నడక రోడ్డు మీద నడక కంటే కాళ్ళకి ఎక్కువ పని చెబుతుంది. ఏరు సముద్రంలో కలిసే చోట మాత్రం పిల్లల్ని నీళ్ళలోకి దిగనివ్వకండి.

చలికాలంలో టెక్కలి దగ్గర తేలినీలాపురం పోండి. గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు చెట్ల నిండా ఉంటాయి. విజయనగరం వైపైతే రామతీర్థం. కింద గుడి, పైన కొండ మెట్లు, పక్కన గురుభక్తుల కొండ మీద బౌద్ధుల ఆనవాళ్ళు. ఒక పూటంతా అక్కడే గడపొచ్చు.

తిండికి ఒకటే సూత్రం పెట్టుకోండి: ముందు కొండ, తర్వాత క్యారేజీ. ఎక్కి దిగాక చెట్టుకింద కూర్చుని తినే పులిహోర, దద్దోజనం రుచి కారులో తినే చిప్స్‌కి రాదు. మూరీ మిక్చర్ కొనుక్కోండి, ఉల్లిపాయ, టమాటా ఎక్కువ వేయించుకోండి. పెద్ద కూల్‌డ్రింక్ సీసాలు మాత్రం కొనకండి; 600 మిల్లీలీటర్ల సీసాలో 60 గ్రాముల పంచదార దాకా ఉండొచ్చు. పెద్దవాళ్ళకైనా రోజుకి 25 గ్రాములు దాటకపోతే మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. కార్తీకంలో వనభోజనాలకి వెళ్తే పేకముక్కలు ఇంట్లో వదిలి, ఏడుపెంకులాటకి బంతి తీసుకెళ్ళండి. పిల్లలతో మీరూ ఆడాలి సుమా.

ప్రశ్న: హైదరాబాదులో పని చేస్తాను. సంక్రాంతికి సోంపేట వస్తే పది రోజుల్లో నాలుగు కిలోలు పెరిగి వెళ్తాను. అమ్మని వద్దనలేను.
- ప్రైవేటు ఉద్యోగి

జవాబు: వద్దనకండి. అమ్మ వండింది తిని, బయట కొనేవి మానండి. ఊళ్ళో చాలామందికి బరువు పెంచేది అమ్మ చేతి పులుసు కాదు, స్నేహితులతో రాత్రిపూట తినే బిర్యానీలు, బేకరీ కేకులు, పొద్దున పదింటిదాకా నిద్ర. అమ్మని పెద్ద పండగ మూడు రోజులే పిండివంటలు చెయ్యమని, మిగతా రోజుల్లో చేపల పులుసు, తోటకూర పప్పు, చోడి అంబలి అడగండి. ఏం కావాలో కొడుకు నోరు తెరిచి అడిగితే ఏ తల్లి కాదంటుంది? పొద్దున్నే నాన్నతో తోటలోకి వెళ్ళండి. తిరిగి వెళ్ళేటప్పుడు కట్టిచ్చే జీడిపప్పు రోజుకి గుప్పెడు మించకుండా తినండి. వంద గ్రాముల్లో సుమారు 580 కేలరీలుంటాయి. వచ్చిన నాలుగు కిలోల్లో కొంత ఉప్పు వల్ల, అన్నం వల్ల ఒంట్లో నిలిచిన నీరే. వారం మామూలుగా తింటే దిగిపోతుంది. కంగారుపడి ఉపవాసాలు చెయ్యకండి.

ప్రశ్న: నాకు 52 ఏళ్ళు. మోకాళ్ళ నొప్పులు. డాక్టరు బరువు తగ్గమన్నారు. మా వీధిలో ఆడవాళ్ళు నడిస్తే వింతగా చూస్తారు. ఇంటి పనితోనే పొద్దుపోతుంది. ఈ వయసులో ఆటలేంటి, సరదాలేంటి అంటారు మా వారు.
- గృహిణి, బొబ్బిలి

జవాబు: అమ్మా, ఇంటి పని అలసట ఇస్తుంది గానీ ఒంటికి కావలసిన బలం అన్ని చోట్లా ఇవ్వదు. వయసుతోపాటు కండ తగ్గుతుంది, నెలసరి ఆగాక ఎముకలు పల్చబడతాయి. తొడల్లో బలం తగ్గేకొద్దీ భారమంతా మోకాలి మీద పడుతుంది. కాబట్టి మీకు నడక కంటే ముందు కావలసింది బలం.

ఇంట్లోనే మొదలుపెట్టండి. గట్టి కుర్చీలో కూర్చుని, వీలైనంత వరకు చేతులు ఆనించకుండా లేవండి, మళ్ళీ మెల్లగా కూర్చోండి. పదిసార్లు. గోడకి చేతులు ఆనించి ముందుకి వంగి వెనక్కి నెట్టండి. గుమ్మం పట్టుకుని మునివేళ్ళ మీద లేవండి. లీటరు నీళ్ళ సీసా ఒక కిలో బరువు. రెండు సీసాలు చేతుల్లో పట్టుకుని ఎత్తండి. వారానికి మూడు రోజులు, ఇరవై నిమిషాలు చాలు. నొప్పి పెరిగితే ఆపి డాక్టరుకి చూపించండి. నేలమీద బాసింపట్లు వేసి కూర్చోవడం, కొండమెట్లు ప్రస్తుతానికి వద్దు.

బరువులెత్తడం ఆడవాళ్ళ పని కాదని ఎవరైనా అంటే మన ప్రాంతం పేరు చెప్పండి. ఆమదాలవలస దగ్గర ఊసవానిపేటలో పెరిగిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో 240 కిలోలు ఎత్తి, ఒలింపిక్ పతకం తెచ్చిన మొదటి భారతీయ మహిళ అయింది. మహిళల వెయిట్‌లిఫ్టింగ్ ఒలింపిక్స్‌లోకి వచ్చిందే ఆ ఏడాది. కొండవెలగాడలో ఇప్పటికీ రైతుకూలీల ఇళ్ళ ఆడపిల్లలు బార్‌బెల్ పడుతున్నారు. ఆ నేలమీద పుట్టిన మీరు రెండు నీళ్ళ సీసాలు ఎత్తడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

వీధి చూపులకి మందు తోడు. పక్కింటి ఇద్దరిని పిలవండి. ముగ్గురు కలిసి నడిస్తే వారంలో ఎవరూ పట్టించుకోరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే వారానికి 150 నిమిషాల నడక మీ లక్ష్యం. మొదట రోజుకి పది నిమిషాలతో మొదలుపెట్టండి. నడుస్తూ కబుర్లు చెప్పుకోండి, నెలకొకసారి ముగ్గురూ కలిసి గుడికో సినిమాకో వెళ్ళండి. సరదా కూడా వైద్యంలో భాగమే. నచ్చిన పని అయితేనే మనిషి ఏళ్ళ తరబడి చేస్తాడు, నచ్చనిది నెలకే మూలన పడుతుంది. మీ వారికి నా మాటగా చెప్పండి: రేపటి నుంచి ఆయన కూడా టీలో పంచదార ఒక చెంచాకి తగ్గించుకుని, సాయంత్రం మీతోపాటు నడవాలి.