కెర్రీ కౌంటీ కాలిబంతి జట్లు

మన పాఠశాల మైదానమున ఆడెడి కాలిబంతి నెల్లరు నెరుగుదురు. ఐర్లాండు దేశమున దీనికి భిన్నమైన మరియొక కాలిబంతి యాట గలదు. దానిని గేలిక్ ఫుట్‌బాల్ అందురు. ఇందు బంతిని కాలితోను చేతితోను గూడ ఆడవచ్చును. చేతబట్టుకొని నాలుగడుగులకు మించి నడువరాదు. నేలకు గొట్టి యందుకొనియో, పాదముతో మీటి మరల చేతికి దెచ్చుకొనియో ముందునకు సాగవలెను. జట్టునకు 15 గురు. గోలు స్తంభముల నడుమ అడ్డుకొయ్యకు క్రిందుగా బంతి పోయినచో 3 అంకములు, పైగా పోయినచో 1. గోలునకు 40 మీటర్ల దూరమున గీచిన విల్లువంటి గీత వెలుపలినుండి పైగా తన్నినవారికి 2 అంకములిచ్చు నిబంధన 2025లో వచ్చినది.

ఆటకంటెను దాని నడుపు ఏర్పాటు మాకు వింతగా దోచినది. 1884వ సంవత్సరము నవంబరు 1వ తేదీని థర్లెస్ పట్టణమున మైకేల్ క్యూసాక్, మారిస్ డేవిన్ మున్నగువారు గేలిక్ క్రీడాసంఘమును స్థాపించిరి. ఈ సంఘమున క్లబ్బునకు ఆధారము పారిషు, అనగా ఒక్క దేవాలయపు విచారణలోని గ్రామములు. ఆటగాడు సాధారణముగా తన యూరి క్లబ్బునకే ఆడవలెను. ఎక్కువ సొమ్ము జూపిన వారిని జేరుట యన్నది లేదు, ఏలయన ఎంతటి ప్రసిద్ధునకును జీతము లేదు. వారమంతయు పొలమునందో, బడియందో పని చేసికొని, తీరిక వేళల నాడుదురు.

నైరుతి మూలనున్న కెర్రీ ఈ యాటకు పుట్టినిల్లన్నంత పేరుగల కౌంటీ. 2025 నాటికి అఖిల ఐర్లాండు పోటీని 39 పర్యాయములు గెలిచినది. ఇన్ని మారులు గెలిచిన కౌంటీ మరియొకటి లేదు. కౌంటీలోపలి పోటీ 1889లో మొదలయ్యెను. మొదటి విజయము కిల్లార్గ్లిన్ ఊరి లాన్ రేంజర్స్ క్లబ్బుది. క్లబ్బులు బలమునుబట్టి సీనియర్, ఇంటర్మీడియట్, జూనియర్ అను తరగతులుగా నుండును. అట్లయిన చిన్న యూరి బాలునకు పెద్ద పోటీ యెట్లు దొరకును? దీనికి కెర్రీవారు చక్కని యుపాయము చేసిరి. చిన్న క్లబ్బుల యాటగాండ్రను తూర్పు కెర్రీ, దక్షిణ కెర్రీ యని ప్రాంతములవారీగా జట్లు గట్టి, పెద్ద క్లబ్బులతో సమానముగా కౌంటీ పోటీలో నిలిపిరి. డేవిడ్ క్లిఫర్డ్ అను మేటి యాటగాడు ఫోసా యను చిన్న క్లబ్బువాడు. అతడు 2022 జూలైలో కెర్రీతో అఖిల ఐర్లాండు పోటీని, ఆ యేటనే తూర్పు కెర్రీతో కౌంటీ పోటీని, 2023 జనవరిలో ఫోసాతో జూనియర్ క్లబ్బుల అఖిల ఐర్లాండు పోటీని గెలిచెను. మూడవదానికి అతని యూరివారు పొందిన సంతోషమును మనమూహింపవచ్చును.

ఇక నాయకత్వపు సంగతి. కౌంటీ పోటీ గెలిచిన క్లబ్బే మరుసటి యేడు కెర్రీ జట్టునకు నాయకుని నిర్ణయించుట చిరకాలపు టాచారము. ఈ యాచార మొకప్పుడు గొప్ప పనికి వచ్చినది. 1922 జూన్ మొదలు 1923 మే వరకు ఐర్లాండున జరిగిన అంతర్యుద్ధము కెర్రీలో మిక్కిలి క్రూరముగా నడచెను. ఇరుగుపొరుగు వారే యొకరి నొకరు చంపుకొనిరి. యుద్ధ మాగినను పగ లారలేదు. కాన్ బ్రాస్నన్ ప్రభుత్వ సైన్యమున అధికారి. జాన్ జో షీహీ ఎదుటి పక్షమువాడు, అజ్ఞాతవాసి. ఈ యిరువురును 1924వ సంవత్సరపు పోటీలలో ఒక్క జట్టున నాడిరి. షీహీ మైదానమునకు వచ్చి క్షేమముగా మరలిపోవునట్లు బ్రాస్నన్ ఏర్పాటు చేసెనని చెప్పుదురు. 1925 ఏప్రిలులో జరిగిన ఆఖరి యాటలో కెర్రీ 4 అంకములకు 3గా డబ్లిన్‌ను గెలిచెను. గెలుపునిచ్చిన అంకము బ్రాస్నన్‌దే.

ట్రాలీ పట్టణపు ఆస్టిన్ స్టాక్స్ క్లబ్బువాడగు జో బారెట్ ప్రభుత్వమునకు ఎదిరి పక్షమువాడై, నిర్బంధమున నుండి వచ్చినవాడు. 1929లో కెర్రీకి నాయకుడై గెలిచెను. 1931లో తన క్లబ్బు హక్కున నాయకత్వము మరల తనకే రాగా, దానిని బ్రాస్నన్ కొసగెను. తన పక్షమువారు కొందరు దీనికి సమ్మతింపకున్నను అతడు మాట మార్చలేదు. ఆ యేట కెర్రీ కిల్డేర్‌ను ఓడించెను. గెలుపు పాత్రను బ్రాస్నన్ అందుకొనెను. మరుసటి యేడు నాయకుడు బారెట్టే. నాడును కెర్రీయే గెలిచెను.