సమీక్ష రాసేవారికి జీతం ఎవరిస్తారు?

మా ఇంట్లో రెండు భాషలు. అమ్మది చింతామణి తెలుగు, నాన్నది కన్నడ. అందుకే ఒక మాట దగ్గర నేను ఆగి ఆలోచించాను. కన్నడలో 'సమీక్షె' అంటే ఇల్లిల్లూ తిరిగి వివరాలు రాసుకునే సర్వే. పుస్తకం బాగోగులు చెప్పేది 'విమర్శె'. తెలుగులో మాత్రం ఈ పనినే 'సమీక్ష' అంటాం. 'ఈక్ష' అంటే చూపు, 'సమ్' అంటే బాగా. చక్కగా చూసి చెప్పాలన్న మాట. మరి చూసేవారి మీద ఒత్తిడి ఉంటే?

దీనికి వీడియో గేముల సమీక్ష మంచి ఉదాహరణ. బాగేపల్లిలో మా పిన్ని కొడుకు రివ్యూ చూడందే గేమ్ కొనడు. వేల రూపాయల సరుకు, కొనకముందు ఆడి చూసే వీలు చాలాసార్లు ఉండదు. సమీక్షకుడి మాటే ఆధారం. అయితే సమీక్షలు వేసే సైట్లకు పెద్ద రాబడి ఆ గేమ్ కంపెనీల ప్రకటనలే.

2007లో అమెరికాలో గేమ్‌స్పాట్ అనే సైట్‌లో జెఫ్ గెర్స్ట్‌మన్ 'కేన్ అండ్ లించ్' అనే గేమ్‌కు పదికి ఆరు మార్కులు వేశారు. అదే సమయంలో ఆ సైట్ నిండా ఆ గేమ్ ప్రకటనలే. కొద్ది రోజులకే ఆయన ఉద్యోగం పోయింది. ప్రకటనలు ఆపేస్తామన్న కంపెనీల ఒత్తిడికి యాజమాన్యం లొంగిందని 2012లో గానీ ఆయన బయటికి చెప్పలేకపోయారు.

ఒత్తిడి ఎప్పుడూ డబ్బు రూపంలోనే రాదు. 2020 డిసెంబరులో 'సైబర్‌పంక్ 2077' వచ్చింది. విడుదలకు ముందు సమీక్షకులకు కంప్యూటర్‌లో ఆడే ప్రతి మాత్రమే ఇచ్చారు. తాము ఆడిన వీడియో చూపించకూడదని షరతు. మంచి మార్కులే పడ్డాయి. తీరా పాత ప్లేస్టేషన్‌లలో ఆడినవాళ్లకు అడుగడుగునా లోపాలే. వారం తిరిగేసరికి సోనీ దాన్ని తన ఆన్‌లైన్ దుకాణం నుంచి తీసేసి డబ్బు వాపసు ఇస్తామంది. ఇక్కడ ఎవరూ అబద్ధం రాయలేదు. చూపించినంత వరకే చూశారు, అంతే.

అందుకే ఏ సమీక్ష చదివినా మూడు ప్రశ్నలు వేసుకోవాలి. వస్తువు ఎవరిచ్చారు? షరతులేమైనా ఉన్నాయా? పక్కన ఎవరి ప్రకటన ఉంది?

మన దేశంలో 2023 జనవరిలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ ఒక మార్గదర్శిక ఇచ్చింది. డబ్బు గానీ, ఉచిత వస్తువు గానీ తీసుకుని ఒకదాన్ని మెచ్చుకుంటే ఆ సంగతి అందరికీ కనబడేలా చెప్పాలి. ఇన్‌స్టాలో చీరల కొట్టు గురించి పోస్టు పెట్టే మన స్నేహితురాళ్లకూ ఇది వర్తిస్తుంది.

మన గోడపత్రికకూ ఒక సూచన. మన జిల్లా కవులు విభాగానికి తమ పుస్తకాలు ప్రేమగా ఇస్తుంటారు. తీసుకోవడం తప్పు కాదు. ఆ పుస్తకం మీద సమీక్ష రాసినప్పుడు కింద 'ఈ ప్రతి రచయిత ఇచ్చినది' అని ఒక్క వాక్యం చేరిస్తే చాలు. మన మెప్పుకు ఎంత విలువ కట్టాలో చదివేవాళ్లే తేల్చుకుంటారు. మేడంగారు ఒప్పుకుంటే వచ్చే సంచిక నుంచే మొదలుపెడదాం.